జేమ్స్ పార్కిన్సన్

జేమ్స్ పార్కిన్సన్ (ఏప్రిల్ 11, 1755 – డిసెంబరు 21, 1824) ఇంగ్లండుకు చెందిన వైద్యుడు, శిలాజ పరిశోధకుడు, రాజకీయ సంస్కరణవాది. చేతులు వణకడం, నడుము ముందుకు వంగడం, నడక అదుపు తప్పి పరుగులోకి మారడం వంటి లక్షణాలన్నీ ఒకే వ్యాధికి చెందినవని గుర్తించి 1817లో ఒక చిన్న పుస్తకం రచించాడు. ఆ వ్యాధినే నేడు పార్కిన్సన్ వ్యాధి అంటున్నారు. తెలుగులో దీనికి కంపవాతం అనే పేరు ఉంది. ఈ వ్యాధితో మరణించినవారి మెదడును పరీక్షించే అవకాశం పార్కిన్సన్‌కు ఒక్కసారి కూడా దొరకలేదు. వ్యాధి పుట్టే స్థానాన్ని గురించి ఇతడు చేసిన ఊహ కూడా సరికాదని తరువాత తేలింది. అసలు స్థానం మధ్య మెదడులోని డోపమైన్ నాడీకణాలలో ఉన్నదని రుజువు కావడానికి, ఆ రుజువు ఆధారంగా చికిత్స రావడానికి మరో నూట యాభై ఏళ్ళు పట్టింది. ఆ పరిశోధనలలో కోతుల మెదడుపై జరిగిన ప్రయోగాలకు ముఖ్యమైన స్థానం ఉంది.

బాల్యము, విద్య

పార్కిన్సన్ లండను నగరపు పొలిమేరలో ఉన్న షోర్‌డిచ్ ప్రాంతంలో, హాక్స్‌టన్ స్క్వేర్ ఒకటవ నంబరు ఇంట జన్మించాడు. తండ్రి జాన్ పార్కిన్సన్ ఆ ప్రాంతంలోనే వైద్యం చేసేవాడు. ఆనాటి ఇంగ్లండులో వైద్యులు మూడు తరగతులుగా ఉండేవారు. విశ్వవిద్యాలయంలో చదివి నాడి చూసి మందు రాసి ఇచ్చే ఫిజీషియన్లు పైమెట్టువారు. కత్తి పట్టి కోత చేసే సర్జన్లు వారి తరువాతివారు. మందులు నూరి, కలిపి, ఇంటింటికీ తిరిగి రోగులను చూసే అపోథికరీలు చివరివారు. జాన్ పార్కిన్సన్ తక్కిన రెండు పనులూ చేసే సాధారణ వైద్యుడు. కుమారుడు కూడా అదే దారి పట్టాడు. ఇతడికి విశ్వవిద్యాలయపు పట్టా లేదు. తండ్రి వద్ద శిష్యరికం చేసి, 1776లో ఆరు నెలలపాటు లండన్ హాస్పిటల్‌లో గాయాలకు కట్లు కట్టే విద్యార్థిగా పనిచేసి వైద్యం నేర్చుకున్నాడు.

1777లో ఉరి వేసుకున్న ఒక వ్యక్తిని తండ్రీకొడుకులు బ్రతికించారు. నీట మునిగినవారిని, ఊపిరి ఆగినవారిని తిరిగి బ్రతికించే పద్ధతులను ప్రచారం చేయడానికి అప్పటికి మూడేళ్ళ క్రితమే ఏర్పడిన హ్యూమేన్ సొసైటీ, ఈ పనికి గాను జేమ్స్‌కు వెండి పతకం ఇచ్చింది. అప్పటికి ఇతడి వయస్సు 22 సంవత్సరాలు.

1784లో తండ్రి మరణించాడు. అదే సంవత్సరం జేమ్స్ సర్జన్ల సంఘం పరీక్షలో ఉత్తీర్ణుడై తండ్రి వృత్తిని చేపట్టాడు. మరుసటి ఏడు ఆనాటి ప్రసిద్ధ శస్త్రవైద్యుడు జాన్ హంటర్ ఉపన్యాసాలకు హాజరయ్యాడు. పార్కిన్సన్‌కు సంక్షిప్తలిపి బాగా వచ్చు. హంటర్ చెప్పినదంతా అందులో రాసుకొని, ఇంటికి వచ్చి విడమరచి తిరగరాసుకునేవాడు. ఇతడి మరణానంతరం 1833లో కుమారుడు ఆ రాతలను పుస్తకంగా ముద్రించాడు. చెవిన పడినదానిని, కంటబడినదానిని వెంటనే కాగితంపై పెట్టే ఈ అలవాటే తరువాతి కాలంలో ఇతడి పేరు నిలబెట్టిందని చెప్పవచ్చు.

భార్య పేరు మేరీ డేల్. పిల్లలలో జాన్ అనే కుమారుడు వైద్యుడై తండ్రితో కలిసి పనిచేశాడు. పార్కిన్సన్ జీవితంలో అధికభాగం హాక్స్‌టన్ స్క్వేర్‌లోనే గడిచింది.

రాజకీయాలు, రాజద్రోహ విచారణ

1789లో ఫ్రెంచి విప్లవం వచ్చింది. ఇంగ్లండులో అప్పటికి ఓటు హక్కు కొద్దిమంది ఆస్తిపరులకు మాత్రమే ఉండేది. కొత్తగా పెరిగిన పెద్ద పట్టణాలకు పార్లమెంటులో ప్రతినిధులే లేరు. ఈ పరిస్థితిని మార్చాలని 1792లో థామస్ హార్డీ అనే చెప్పులు కుట్టే పనివాడు లండన్ కరస్పాండింగ్ సొసైటీ అనే సంఘాన్ని స్థాపించాడు. చేతివృత్తులవారు, చిన్న వ్యాపారులు ఇందులో ఎక్కువగా చేరారు. పార్కిన్సన్ కూడా సభ్యుడయ్యాడు. ఓల్డ్ హ్యూబర్ట్ అనే మారుపేరుతో చిన్న చిన్న కరపత్రాలు రాశాడు. పన్నుల భారం పేదలపై పడుతున్నదని, కూలి చాలక బ్రతుకు గడవనివారిని నేరస్థులుగా చూడరాదని, పార్లమెంటును రక్తపాతం లేకుండానే సంస్కరించవచ్చునని వీటిలో వాదించాడు. 1794లో ఒక్క పెన్నీ వెలకు అమ్మిన ఒక కరపత్రంపై వచ్చిన సొమ్మును, రాజద్రోహ నేరంపై జైలులో ఉన్నవారి భార్యాబిడ్డలకు ఇవ్వడానికి ఉద్దేశించారు.

ఇది సాహసమే అని చెప్పాలి. ఫ్రాన్సుతో యుద్ధం జరుగుతున్న రోజులవి. ప్రధానమంత్రి విలియం పిట్ ప్రభుత్వం 1794లో, విచారణ లేకుండా నిర్బంధించరాదనే హక్కును తాత్కాలికంగా రద్దు చేసింది. ఎడింబరోలో జరిగిన సంస్కరణవాదుల సభకు ఈ సంఘం తరఫున వెళ్ళిన ఇద్దరికి అప్పటికే 14 ఏళ్ళ ప్రవాసశిక్ష పడింది. రాజద్రోహం రుజువైతే శిక్ష మరణమే. భార్య, చిన్నపిల్లలు, ఊరిలో మంచి వైద్యుడనే పేరు ఉన్న మనిషి మారుపేరు చాటున అయినా ఈ పని చేశాడంటే, పేదల వీధులలో వైద్యం చేస్తూ చూసిన దారిద్ర్యం ఇతడిని ఎంతగా కదిలించిందో ఊహించవచ్చు.

1794 సెప్టెంబరులో సంఘానికి చెందిన కొందరిని రాజుపై హత్యాప్రయత్నం చేశారనే నేరం మోపి పట్టుకున్నారు. చేతికర్రలా కనబడే ఇత్తడి గొట్టం నుండి గాలి ఒత్తిడితో విషపు బాణం వదిలి, నాటకశాలలో మూడవ జార్జి రాజును చంపాలని వారు పన్నాగం పన్నారని ఒక వేగులవాడు చెప్పాడు. దీనినే పాప్‌గన్ కుట్ర అన్నారు. నిందితులు పార్కిన్సన్‌కు తెలిసినవారు. అక్టోబరులో ఇతడిని ప్రీవీ కౌన్సిల్ ఎదుట ప్రమాణం చేయించి ప్రశ్నించారు. ప్రశ్నించినవారిలో స్వయంగా పిట్ కూడా ఉన్నాడు. తన సమాధానాలు తనకే ఉరితాడు కాకూడదని, తనపై నేరం మోపడానికి వాటిని వాడుకోబోమని హామీ ఇస్తే తప్ప నోరు విప్పనని పార్కిన్సన్ పట్టుబట్టాడు. ఆ తరువాత తాను సంఘ సభ్యుడనని, ఓల్డ్ హ్యూబర్ట్ తానేనని దాచకుండా ఒప్పుకున్నాడు. ఇతడిపై ఏ కేసూ పెట్టలేదు. 1796లో ఈ కుట్ర నిందితులలో ఒకడైన రాబర్ట్ క్రాస్‌ఫీల్డ్‌పై విచారణ జరిగినప్పుడు పార్కిన్సన్ సాక్ష్యం చెప్పాడు. క్రాస్‌ఫీల్డ్ నిర్దోషిగా విడుదలయ్యాడు. కుట్ర అనేది నిజంగా జరగలేదనీ, వేగులవాడి కల్పన అనీ చాలామంది చరిత్రకారులు భావిస్తారు.

సభలను, రచనలను కట్టడి చేస్తూ 1795 చివరిలో కొత్త చట్టాలు వచ్చాయి. ఆ తరువాత పార్కిన్సన్ క్రమంగా రాజకీయాల నుండి తప్పుకున్నాడు. పేదల పట్ల శ్రద్ధ మాత్రం వైద్య రచనల రూపం తీసుకుంది.

వైద్య వృత్తి, రచనలు

1799లో కుటుంబాల కోసం మెడికల్ అడ్మోనిషన్స్ అనే గ్రంథం ప్రచురించాడు. ఏ జబ్బుకు ఇంటివైద్యం చాలు, ఏ లక్షణం కనబడితే వెంటనే వైద్యుని పిలవాలి అన్నది ఇందులో ముఖ్యమైన విషయం. 1800లో పల్లెవాసుల కోసం ది విలేజర్స్ ఫ్రెండ్ అండ్ ఫిజీషియన్ రాశాడు. ఒక ఊరి వైద్యుడు తన చుట్టూ చేరినవారికి మాట్లాడుతున్నట్లుగా సాగే చిన్న పుస్తకమిది. పిల్లలు ఆటలలో దెబ్బలు తగిలించుకోకుండా ఒక కథల పుస్తకం, వైద్యవిద్యార్థుల కోసం ది హాస్పిటల్ ప్యూపిల్, రసాయన శాస్త్రంపై పలుమార్లు ముద్రణ పొందిన ఒక చేతిపుస్తకం కూడా రాశాడు. తనకూ తండ్రికీ ఉన్న వాతరక్త వ్యాధి గురించి 1805లో మరో పుస్తకం వెలువరించాడు.

షోర్‌డిచ్ ప్రాంతపు అనాథ పేదల ఆశ్రమానికి ఇతడు వైద్యుడుగా ఉండేవాడు. జ్వరం వచ్చినవారిని తక్కినవారితో కలిపి ఉంచరాదని, వారికి వేరుగా గదులు ఉండాలని పట్టుబట్టాడు. జెన్నర్ కనిపెట్టిన మశూచి టీకాను మొదటి రోజులలోనే సమర్థించాడు. 1812లో కుమారుడు జాన్‌తో కలిసి, ఉండుకము చిల్లుపడి మరణించిన ఐదేళ్ళ బాలుని కేసును ప్రకటించాడు. మరణానికి ఆ చిల్లే కారణమని గుర్తించిన తొలి ఆంగ్ల నివేదికగా దీనిని పేర్కొంటారు.

ఇతడి వృత్తిజీవితంలో ఒక మచ్చ కూడా ఉంది. హాక్స్‌టన్‌లో ప్రైవేటు పిచ్చాసుపత్రులు ఎక్కువగా ఉండేవి. వాటిలో ఒకదానికి పార్కిన్సన్ వైద్యుడు. ఒక మహిళను అన్యాయంగా పిచ్చిదని నిర్ధారించి బంధింపజేశాడని 1810 ప్రాంతంలో ఇతడిపై బహిరంగంగా విమర్శ వచ్చింది. దీనికి సమాధానంగా 1811లో రాసిన పుస్తకంలో తనను తాను సమర్థించుకున్నాడు. అయితే అంతటితో ఆగక, మతిస్థిమితం లేనివారిని నిర్బంధించే చట్టంలోని లోపాలను ఎత్తిచూపి వాటికి సవరణలు కూడా సూచించాడు.

శిలాజ పరిశోధన

బ్రతికి ఉన్నంతకాలం పార్కిన్సన్‌కు పేరు తెచ్చింది వైద్యం కాదు, శిలాజాలు. రోగుల ఇళ్ళకు వెళ్ళివచ్చే దారిలో, సెలవు రోజులలో ఇంగ్లండులోని రాతిగనులలో ఇతడు శిలాజాలను సేకరించేవాడు. ఆర్గానిక్ రిమైన్స్ ఆఫ్ ఎ ఫార్మర్ వరల్డ్ అనే గ్రంథాన్ని 1804, 1808, 1811 సంవత్సరాలలో మూడు సంపుటాలుగా ప్రచురించాడు. మొదటి సంపుటం శిలాజంగా మారిన చెట్లు, మొక్కలను గురించినది. తరువాతి రెండూ జంతువులను గురించినవి. రంగు బొమ్మలతో, సామాన్య పాఠకునికి అర్థమయ్యే భాషలో శిలాజశాస్త్రం ఇంగ్లీషులో రావడం అప్పటికి కొత్త. సృష్టి ఆరు రోజులలో జరిగిందన్న బైబిలు మాటకు, రాతిపొరలలో కనబడే సుదీర్ఘ కాలానికి పొత్తు కుదర్చడానికి, ఆ రోజులంటే పెద్ద యుగాలని ఇతడు వ్యాఖ్యానించాడు.

1807 నవంబరు 13న లండనులోని ఫ్రీమేసన్స్ టావర్న్ అనే భోజనశాలలో 13 మంది సమావేశమై జియలాజికల్ సొసైటీ ఆఫ్ లండన్‌ను స్థాపించారు. రసాయన శాస్త్రవేత్త హంఫ్రీ డేవీతో పాటు పార్కిన్సన్ కూడా వారిలో ఒకడు. 1822లో శిలాజశాస్త్ర విద్యార్థుల కోసం మరో పుస్తకం రాశాడు. 1820ల తొలినాళ్ళలో రాయల్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్ తన గౌరవ స్వర్ణపతకాన్ని మొట్టమొదటగా ఇతడికే ఇచ్చింది. అది కూడా శిలాజ గ్రంథానికి ఇచ్చినదే, వణుకుడు వ్యాధిపై పుస్తకానికి కాదు. జురాసిక్ కాలపు నత్తగుల్ల వంటి ఒక అమ్మొనైటు ప్రజాతికి పార్కిన్సోనియా అనే పేరు ఇతడి మీదుగా వచ్చింది.

వణుకుడు వ్యాధిపై పుస్తకము (1817)

62వ ఏట పార్కిన్సన్ యాన్ ఎస్సే ఆన్ ది షేకింగ్ పాల్సీ అనే 66 పుటల పుస్తకం ప్రచురించాడు. ఇందులో ఉన్నది ఆరుగురి గాథ మాత్రమే. మొదటివాడు యాభై ఏళ్ళు దాటిన తోటమాలి. రెండవవాడు 62 ఏళ్ళ న్యాయాధికారి కార్యాలయపు ఉద్యోగి, మూడవవాడు సుమారు 65 ఏళ్ళ మాజీ నావికుడు. ఈ ఇద్దరూ పార్కిన్సన్‌కు వీధిలో ఎదురుపడినవారు. వారి నడక చూసి ఆగి, పలకరించి, వివరాలు అడిగి తెలుసుకున్నాడు. నావికుడు తన జబ్బుకు కారణం స్పెయిన్ జైలులో కొన్ని నెలలు తడినేలపై పడుకోవడమేనని నమ్మేవాడు. నాలుగవవాడు కొంతకాలం చికిత్సకు వచ్చి తరువాత కనబడకుండా పోయాడు. ఐదవవానిని దూరం నుండి చూశాడే గాని మాట్లాడలేదు. ఆరవవాడు 72 ఏళ్ళ వృద్ధుడు.

ఇంత తక్కువ సామగ్రితో పార్కిన్సన్ చేసిన పని ఏమిటంటే, చెల్లాచెదురుగా ఉన్న లక్షణాలను కాలక్రమంలో పెట్టడం. వణుకు గురించి గ్రీకు వైద్యుడు గేలెన్ కాలం నుండి వైద్యులు రాస్తూనే ఉన్నారు. పరుగులాంటి నడక గురించి ఫ్రెంచి వైద్యుడు సోవాజ్ విడిగా రాశాడు. మన ఆయుర్వేదంలోనూ వేపథువు, కంపవాతం అనే పేర్లతో వణుకు వర్ణన ఉన్నది. కాని ఒకేచోట మొదలై, ఏళ్ళ తరబడి ఒక వరుసలో ముదిరే ఒకే రోగం ఇది అని చెప్పినవాడు పార్కిన్సన్. ముందు ఒక చేతిలో, రోగి గుర్తించనైనా గుర్తించనంత స్వల్పంగా వణుకు మొదలవుతుంది. చేయి పనిలో ఉన్నప్పుడు కాక ఊరక ఉన్నప్పుడే అది ఎక్కువ. ఏడాది గడిచేసరికి మరో అవయవానికి పాకుతుంది. రాత కుదరదు, అన్నం ముద్ద నోటికి చేరదు. శరీరం ముందుకు వంగి, మునివేళ్ళపై నడక పరుగుగా మారుతుంది. మలబద్ధకం, చొంగ కారడం, నిద్ర చెడడం తరువాతి దశలు. ఇవన్నీ పార్కిన్సన్ రాసినవే. నేటి వైద్యవిద్యార్థి చదివినా వీటిలో కొట్టివేయవలసినది తక్కువ.

ఆరవ రోగి విషయం ప్రత్యేకంగా చెప్పుకోదగినది. రెండు పక్కలా తీవ్రంగా వణుకు ఉన్న ఈ వృద్ధునికి ఒకనాడు కుడిపక్క పక్షవాతం వచ్చింది. చచ్చుబడిన చేతిలో, కాలిలో వణుకు పూర్తిగా ఆగిపోయింది. రెండు వారాలలో పక్షవాతం తగ్గి బలం తిరిగి రాగానే వణుకు కూడా తిరిగి వచ్చింది. అంటే కదలికను పంపే దారి తెగితే వణుకు ఆగుతుందన్నమాట. దీని అర్థం అప్పట్లో ఎవరికీ తెలియలేదు. 1952లో అమెరికా శస్త్రవైద్యుడు ఇర్వింగ్ కూపర్ ఒక పార్కిన్సన్ రోగికి మెదడులో ఆపరేషను చేస్తుండగా ఒక చిన్న ధమని తెగి, దానిని ముడివేయవలసి వచ్చింది. ఆ తరువాత రోగికి వణుకు పోయింది, కదలిక మిగిలింది. మెదడులో కావాలని చిన్న గాయం చేసి వణుకును తగ్గించే శస్త్రచికిత్సలు ఆ తరువాత విస్తరించాయి. మద్రాసులో బి. రామమూర్తి బృందం 1960లలో ఇటువంటి చికిత్సలు చేసింది.

పుస్తకంలో లోపాలు లేకపోలేదు. కండరాలు బిగుసుకుపోవడాన్ని పార్కిన్సన్ చెప్పలేదు. వీధిలో చూసినవారి చేయి పట్టుకొని వంచి చూడడం కుదరదు కదా. బుద్ధి, జ్ఞానేంద్రియాలు చెడవని రాశాడు. కొందరిలో చివరి దశలో మతిమరుపు, భ్రమలు వస్తాయని తరువాత తెలిసింది. రోగానికి మూలం మెడ దగ్గరి వెన్నుపాములో ఉండవచ్చునని ఊహించి, మెడవద్ద రక్తం తీయడం, బొబ్బలు ఎక్కించడం చికిత్సగా సూచించాడు. అయితే ఇది ఊహ మాత్రమేనని, శవపరీక్షలు లేకుండా ప్రచురిస్తున్నందుకు మన్నించమని ముందుమాటలోనే చెప్పుకున్నాడు. శరీర నిర్మాణ శాస్త్రజ్ఞులు ఈ రోగంపై దృష్టి పెట్టి అసలు స్థానాన్ని కనుగొంటారనే ఆశతోనే పుస్తకాన్ని వెలువరించాడు.

మరణము

1824 డిసెంబరులో పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. ఆ నెల 21వ తేదీన పార్కిన్సన్ మరణించాడు. తాను బాప్తిస్మం పొందిన షోర్‌డిచ్ సెయింట్ లియొనార్డ్ చర్చి ఆవరణలోనే సమాధి చేశారు. సేకరించిన శిలాజాలు అమ్ముడుపోయి చెదరిపోయాయి.

పార్కిన్సన్ చిత్రపటం ఏదీ మిగలలేదు. ఇతడిదని చెప్పి పుస్తకాలలో, ఇతరత్రా కనిపించే ఛాయాచిత్రాలు అదే పేరుగల వేరే వ్యక్తులవి. ఇతడు మరణించేనాటికి మనుషులను ఫొటో తీసే విద్య ఇంకా రాలేదని గుర్తుంచుకుంటే ఈ పొరపాటు జరగదు. పొట్టి మనిషి, చురుకైన ముఖం, మర్యాదగల మాట అని శిలాజ పరిశోధకుడు గిడియన్ మాంటెల్ రాసిన వర్ణన ఒక్కటే ఇతడి రూపానికి ఆధారం.

పార్కిన్సన్ తరువాత ఆ వ్యాధి

యాభై ఏళ్ళపాటు ఈ పుస్తకాన్ని పట్టించుకున్నవారు తక్కువ. 1870లలో పారిస్ వైద్యుడు జాన్ మార్టిన్ షార్కో ఈ రోగులను పరీక్షించి, కండరాల బిగువును లక్షణాలలో చేర్చాడు. వణుకు లేకుండా కూడా ఈ వ్యాధి ఉండవచ్చని గమనించి, దీనికి పార్కిన్సన్ పేరు పెట్టాడు. 1893లో ఒక రోగి మధ్య మెదడులో ఒక పక్కన క్షయ గడ్డ కనబడింది. అతడికి శరీరానికి రెండవ పక్కన వణుకు ఉండేది. ఆ భాగంలో నల్లని రంగుతో కూడిన సబ్‌స్టాన్షియా నైగ్రా అనే నాడీకణాల పొర ఉంటుంది. 1919లో కాన్‌స్టంటిన్ ట్రెట్యాకోఫ్ తన పరిశోధన వ్యాసంలో, పార్కిన్సన్ రోగుల మెదడులలో ఆ నల్లకణాలు నశించి ఉన్నాయని చూపించాడు. వందేళ్ళ క్రితం పార్కిన్సన్ అడిగిన ప్రశ్నకు జవాబు ఇక్కడ మొదలైంది.

ఆ కణాలు చేసే పని ఏమిటన్నది 1957 తరువాత తెలిసింది. మన దేశపు సర్పగంధి వేరు నుండి తీసిన రిసర్పిన్ అనే మందును రక్తపోటుకు వాడేవారు. స్వీడన్ శాస్త్రవేత్త అర్విడ్ కార్ల్‌సన్ ఆ మందును కుందేళ్ళకు ఇస్తే అవి కదలక మెదలక పడి ఉండేవి. లెవోడోపా అనే పదార్థం ఎక్కించగానే మళ్ళీ లేచి తిరిగేవి. శరీరం లెవోడోపాను డోపమైన్‌గా మార్చుకుంటుంది. 1960లో వియన్నాలో ఎరింగర్, హార్నికీవిచ్ పార్కిన్సన్ రోగుల మెదడులో డోపమైన్ చాలా తగ్గిపోయి ఉండడాన్ని కనుగొన్నారు. నల్లకణాలే దానిని తయారుచేసి మెదడులోని స్ట్రయేటం అనే భాగానికి పంపుతాయని రుజువు చేయడంలో కోతులు ఉపయోగపడ్డాయి. కెనడాలో పొయిరియే, సూర్క్స్ 1960లలో కోతి మధ్య మెదడులో ఒక పక్కన గాయం చేస్తే అదే పక్క స్ట్రయేటంలో డోపమైన్ పడిపోయింది. 1967లో జార్జ్ కొట్జియాస్ లెవోడోపాను కొద్దికొద్దిగా పెంచుతూ రోగులకు ఇచ్చి మంచి ఫలితం చూపాడు. నేటికీ ఈ వ్యాధికి అది ప్రధాన ఔషధం.

1982లో కాలిఫోర్నియాలో దొంగచాటుగా తయారైన మాదకద్రవ్యం వాడిన కొందరు యువకులు కొద్దిరోజులలోనే ముదిరిన పార్కిన్సన్ రోగులలా బిగుసుకుపోయారు. అందులో కలిసిన ఎం.పి.టి.పి. అనే మలినమే కారణమని విలియం లాంగ్‌స్టన్ బృందం గుర్తించింది. ఎలుకలు ఈ విషాన్ని చాలావరకు తట్టుకున్నాయి. రీసస్ కోతులకు ఇచ్చినప్పుడు మాత్రం మనిషిలో వలెనే నల్లకణాలు నశించాయి. 1983 నుండి ఈ కోతులు వ్యాధికి నమూనాలయ్యాయి. 1990లో మాలన్ డిలాంగ్ బృందం ఇటువంటి కోతులలో సబ్‌థాలమిక్ న్యూక్లియస్ అనే చిన్న కేంద్రాన్ని నిర్వీర్యం చేస్తే వణుకు, బిగువు తగ్గుతాయని చూపింది. దాని ఆధారంగానే ఫ్రాన్సులో బెనాబిద్ బృందం ఆ కేంద్రంలో సన్నని తీగ అమర్చి విద్యుత్ ప్రేరణ ఇచ్చే చికిత్సను రోగులకు చేసింది. హైదరాబాదు నిజామ్స్ వైద్య విజ్ఞాన సంస్థలోనూ ఈ చికిత్స జరిగింది. చక్కగా తిరిగే జంతువును కదలలేని స్థితికి తెచ్చి చేసిన ప్రయోగాలు కనుక వీటిపై నైతిక అభ్యంతరాలు ఉన్నాయి, అవి కొట్టివేయదగినవి కావు. ప్రయోగాల కోసం రీసస్ కోతుల ఎగుమతిని భారతదేశం 1978లో నిషేధించింది.

తెలుగునాట

ఈ కథలో తెలుగువారికి పరిచయమైన మొక్క దూలగొండి. దీనినే దురదగొండి అని కూడా అంటారు. కాయపై నూగు తగిలితే విపరీతమైన దురద పుడుతుంది. సంస్కృతంలో దీనికి ఆత్మగుప్త, కపికచ్ఛువు అని పేర్లు. ఆయుర్వేద వైద్యులు వాత రోగాలకు దీని గింజలను వాడుతూ వచ్చారు. 1937లో మద్రాసు విశ్వవిద్యాలయంలో దామోదరన్, రామస్వామి ఈ గింజల నుండి లెవోడోపాను వేరుచేశారు. అప్పటికి దాని విలువ ఎవరికీ తెలియదు. గింజలో వందకు నాలుగైదు పాళ్ళ లెవోడోపా ఉంటుంది. ఎంత మోతాదు కడుపులోకి పోతున్నదో తెలియకుండా, వైద్యుని సలహా లేకుండా దీనిని తినడం ప్రమాదకరం.

మరొక విషయం పత్తి, మిరప పండించే గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల రైతులు తెలుసుకోవలసినది. ఎం.పి.టి.పి. శరీరంలో మారి ఏర్పడే విషానికి, కలుపుమందు పారక్వాట్‌కు రసాయన నిర్మాణంలో దగ్గరి పోలిక ఉంది. పురుగుమందులతో, కలుపుమందులతో ఎక్కువకాలం పనిచేసినవారిలో పార్కిన్సన్ వ్యాధి కొంత ఎక్కువగా కనిపిస్తున్నదని పలు దేశాల అధ్యయనాలు తెలిపాయి. ఏ మందు ఎంత మేరకు కారణమన్నది ఇంకా తేలలేదు. ఫ్రాన్సు మాత్రం 2012లో, పురుగుమందులతో పనిచేసిన రైతులకు వచ్చే పార్కిన్సన్ వ్యాధిని వృత్తి సంబంధ వ్యాధిగా గుర్తించి పరిహారానికి అర్హత కల్పించింది. చేతికి తొడుగు, ముక్కుకు గుడ్డ లేకుండా, గాలికి ఎదురు నిలబడి పిచికారీ చేయడం ఈ జిల్లాలలో సాధారణం.

పల్లెలలో ఈ వ్యాధిని ముసలితనపు వణుకుగా భావించి వదిలివేయడం ఇంకా ఉన్నది. ఒక చేయి మాత్రమే వణకడం, నడిచేటప్పుడు ఒక చేయి ఊగకపోవడం, దస్తూరీ రానురాను చిన్నదైపోవడం, చొక్కా గుండీ పెట్టుకోవడానికి ఎక్కువసేపు పట్టడం వంటివి కనబడితే నరాల వైద్యునికి చూపించాలి. లెవోడోపా బిళ్ళలు జిల్లా కేంద్రాలలోని మందుల దుకాణాలలో దొరుకుతాయి. పార్కిన్సన్ పుట్టినరోజైన ఏప్రిల్ 11ను ప్రపంచ పార్కిన్సన్ దినంగా జరుపుకుంటారు.